కెప్టెన్ గారి ఆఖరి పేజీ

మా ఆయన పేరు పరబ్రహ్మం. పేరులో బ్రహ్మ ఉన్నాడు గానీ, ఎదురుగా ఏదో ఒక బొమ్మ పెట్టుకోనిదే ఆయన చేతిలోంచి గీత ఊడిపడదు. చెట్టు వెయ్యాలంటే చెట్టు ఫొటో కావాలి. గుర్రం వెయ్యాలంటే ఏ క్యాలెండర్లోంచో గుర్రాన్ని కత్తిరించి తెచ్చుకోవాలి. పెళ్లయిన కొత్తలో నా బొమ్మ వేస్తానంటే మురిసిపోయి, పట్టుచీర కట్టుకుని, మెడ నొప్పెట్టేదాకా కదలకుండా కూర్చున్నాను. తీరా చూస్తే మొహం నాదే గానీ చేతులు ఎవరో హీరోయిన్‌వి. ఇదేమిటండీ అంటే, "నీ చేతులకి సరైన రిఫరెన్స్ దొరకలేదు" అన్నారు. నా చేతులు ఆయన ముక్కు కిందే ఉన్నాయి!

ఫిల్మ్‌నగర్‌లో ఆయన పనిచేసే పబ్లిసిటీ ఆఫీసులో అందరిదీ ఇదే పద్ధతి. ముందు స్టిల్స్ పెట్టుకుంటారు, గళ్లు గీసుకుంటారు, గడి చూసి గడి దించుతారు. ఎక్కడో అమెరికావాడు ఎప్పుడో గీసిన పేలుడు మన హీరో వెనక పేలుతుంది. ఎడమకి చూసే మొహాన్ని కుడికి తిప్పేస్తే అది సొంత బొమ్మ. తప్పని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. అన్నం పెట్టే పనిని తప్పనడానికి నోరెలా వస్తుంది?

ఎనభై ఎనిమిదిలో ఒక పిల్లల మాసపత్రిక ఎడిటర్ కాశీవిశ్వనాథం గారు మా ఆయనకి ఒక బొమ్మల సీరియల్ ఇచ్చారు. పేరు 'ఎర్రనేల'. ఒక పెద్దాయన, కెప్టెన్, రాకెట్లో ఒంటరిగా వేరే గ్రహానికి వెళ్తాడు. అక్కడ నానా అవస్థలూ పడి, చివరికి ఇంటికి తిరిగొస్తాడు. కథ ఎడిటర్ గారిదే. మా ఆయన ఎగిరి గంతేశారు. ఎందుకంటే ఆయన దగ్గర అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు ఏరుకొచ్చిన పాత ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు ఒక ట్రంకు పెట్టెడు ఉన్నాయి. నేను పుట్టకముందువి. అట్టలుండవు, కాగితం పట్టుకుంటే పెళపెళమంటుంది, ఇల్లంతా ముక్కిన కాగితం వాసన. ఆ పెట్టె నిండా రాకెట్లు, గాజుబుడ్డి లాంటి టోపీలు, ఆకాశంలో రెండేసి చందమామలు. మా ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రం. మాటలు చదివేవాళ్లం కాదు, బొమ్మలు చూసేవాళ్లం. బొమ్మ చూస్తే కథ తెలియదా అని మా ఆయన ధీమా.

ఈ పనిలో నాకూ వాటా ఉంది. ఆయన గీతలు గీసి, నలుపు నింపాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవారు. వంట అయ్యాక నేను బ్రష్షు, ఇండియన్ ఇంకు పట్టుకుని కూర్చుని ఇంటూలన్నీ నింపేదాన్ని. ఆకాశమంతా నేనే. నీడలన్నీ నేనే. గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఎడిటర్ గారు ఒక్కటే షరతు పెట్టారు. "రాకెట్టు ఎవడిదైనా ఫర్లేదయ్యా, మొహం మాత్రం మనవాడిది కావాలి. తెల్లదొర మొహం పెట్టావో, ఊరుకోను."

మొహం కోసం మా ఆయన ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. యూసుఫ్‌గూడలో మా పక్క పోర్షన్లోనే ఉన్నారు సూర్యప్రకాశరావు బాబాయిగారు.

బాబాయిగారిది కాకినాడ దగ్గర. నాటకాల పిచ్చితో వచ్చి జూనియర్ ఆర్టిస్టుగా స్థిరపడ్డారు. మంచి విగ్రహం, వెడల్పు నుదురు, నెరిసిన మీసం. అంత చక్కటి మొహానికి సినిమావాళ్లు ఇచ్చిన పని ఏమిటో తెలుసా? గోడ మీద దండ వేసిన ఫొటో. హీరో పుట్టకముందే పోయిన తండ్రి, హీరోయిన్ తాతగారు, విలన్ చంపేసిన జమీందారు, అందరూ ఈయనే. బతికుండగా తన ఫొటోకి దండ వేయించుకోవడానికి ఇంకెవరూ ఒప్పుకోరు. ఈయన ఒప్పుకునేవారు. ఒక్క డైలాగ్ లేకుండా ఊరందరికీ నాన్నయ్యారు.

ఆయన భార్య అమ్మాజీ పిన్నిగారికి అది గుండెల్లో గునపం. వద్దని పోట్లాడి, ఏడ్చి, చివరికి ఒక నియమం పెట్టారు. దండ ఒక్క రాత్రి కూడా ఫొటో మీద ఉండకూడదు. షూటింగ్ ముగిసి ప్యాకప్ చెప్పగానే బాబాయిగారు తన చేత్తో తనే ఆ దండ తీసి, ఫొటో చంకలో పెట్టుకుని ఇంటికి రావాలి. గుమ్మంలో ఆవిడ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీస్తేనే లోపలికి ప్రవేశం. షూటింగ్ ఎంత దూరమైనా, ఎంత చిన్నదైనా, ఇది మాత్రం తప్పేది కాదు. సెట్ కుర్రాళ్లు నవ్వుకునేవారు. బాబాయిగారూ వాళ్లతో పాటు నవ్వి, స్టూలెక్కి, దండ తీసుకునేవారు.

మా ఆయన వెళ్లి కెప్టెన్ సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"బతికున్న వేషమేనా?"

"అయ్యో, బతికే ఉంటారు బాబాయిగారూ. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా మీరే. చివర్లో రాకెట్ దిగి, ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడతారు" అన్నారు మా ఆయన.

బాబాయిగారు లోపలికి తిరిగి కేకేశారు. "ఏమేవ్, విన్నావా? ఇంటికొస్తానుట!"

ఇక చూడాలి ఆ సంబరం. జూబ్లీహిల్స్‌లో అప్పటికింకా సగం బండలే. బంగళాల కోసం ఓ పక్క రాళ్లు పేలుస్తున్నా, ఇంకో పక్క మనిషెత్తు రాళ్లు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉండేవి. వేరే గ్రహానికి అంతకంటే మంచి చోటెక్కడ దొరుకుతుంది? మండుటెండలో బాబాయిగారికి రెయిన్‌కోటు, గమ్‌బూట్లు, మా స్కూటర్ హెల్మెట్ తగిలించి బండలెక్కించారు. ఆఫీసులో స్టిల్స్ తీసే అబ్బాయి దగ్గర కెమెరా బతిమాలి తెచ్చి మా ఆయన ఫొటోలు తీస్తుంటే, నేను గొడుగూ మంచినీళ్లూ పట్టుకుని వెనకాల తిరిగాను. అక్కడ కాపలా ఉండే జంగయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది సార్ గిది? గీ ఎండల రెయిన్‌కోటేంది?"

"ఇది భూమి కాదు నాయనా" అన్నారు బాబాయిగారు, హెల్మెట్ లోపల్నుంచి గంభీరంగా.

"భూమి కాదా? మరి మా సేటు గీడనే కాంపౌండ్ కట్టుమన్నడు గద!"

బాబాయిగారు నవ్వారు చూడండి, హెల్మెట్ తీసి, బండ మీద కూలబడి, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు. మా ఆయన ఆ నవ్వూ ఫొటో తీశారు. ఫొటోలో పళ్లు కనపడేలా ఆయన నవ్వడం అదే మొదటిసారిట. గోడ మీద పళ్లు కనిపించకూడదు కదా.

సీరియల్ మొదలైంది. బొమ్మలు అదిరిపోయాయి. బండలు జూబ్లీహిల్స్‌వి, రాకెట్టు అమెరికావాడిది, మొహం బాబాయిగారిది, నలుపు నాది. మా వీధి పిల్లలు ఆయన్ని "కెప్టెన్ గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. పాల ప్యాకెట్‌కి వెళ్తే ఇద్దరు, కూరలకి వెళ్తే నలుగురు వెంటపడేవారు. "మీ ఆక్సిజన్ అయిపోతోంది కదా, ఎలా మరి?" అని ఒకడడిగితే, "ఉంది నాన్నా, వచ్చే నెల దాకా సరిపోతుంది" అనేవారు. పిన్నిగారు సంచికలన్నీ దేవుడి అలమరలో పెట్టారు. పులిహోర చేస్తే మొదటి గిన్నె మా ఇంటికే వచ్చేది.

"ఆఖరిది ఎప్పుడొస్తుందే సుందరీ? ఇంటికొచ్చే బొమ్మ చూడాలే నేను" అని నెలనెలా అడిగేవారు.

ఆ మధ్యలో ప్రొడక్షన్ మేనేజర్ ఆదినారాయణ గారు కొత్త సినిమాకి దండ ఫొటో అడగడానికి వచ్చారు. బాబాయిగారు వాకిట్లోనే చేతులు జోడించారు. "వద్దండీ. ఈ మొహం ఇప్పుడు డ్యూటీలో ఉంది. పిల్లలు చూస్తున్నారు. ఇంక గోడెక్కను."

ఆదినారాయణ గారు విస్తుపోయి వెళ్లిపోయారు. పిన్నిగారు లోపల తలుపు చాటున కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆయన ఆ పని మానేస్తే ఇల్లు గడవడం కష్టమే. అయినా ఆవిడ మొహంలో ఆ రోజు ఉన్న వెలుగు నేను మరెప్పుడూ చూడలేదు.

ఇంతా చేసి, ఆఖరి భాగం దగ్గర మా ఆయన ఏం చేశారో చెబితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నా మీద నాకు కూడా.

బాబాయిగారు ఏదో సినిమా గుంపు సీన్లకి మూడు వారాలకని రాజమండ్రి వైపు వెళ్లారు. ప్రెస్సుకి పేజీలు ఇవ్వాల్సిన గడువు ముంచుకొచ్చింది. మా ఆయన బొమ్మ వేస్తున్న బల్ల చుట్టూ కాలుగాలిన పిల్లి తిరిగినట్టు తిరుగుతున్నారు. కెప్టెన్ రాకెట్ దిగాలి, ఇంటికి రావాలి. దానికి రిఫరెన్స్ లేదు. ఏ పుస్తకం చూసి అంతవరకూ గీసుకొచ్చారో, దాని చివరి పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. మిగిలిన వాటిలో ఆఖరిది మాత్రం నిండు పేజీ బొమ్మ. బండల మధ్య గాజుటోపీ పగిలి పడి ఉన్న మనిషి, చాచిన చెయ్యి, పైన రెండు చందమామలు. ఆ బొమ్మంటే ఆయనకి మొదట్నుంచీ మోజు. ఏడాదిగా బల్ల ఎదురుగా గోడకి గుచ్చి ఉంది.

"చంపేస్తాను సుందరీ" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఎవర్ని?"

"కెప్టెన్‌ని. ఇదిగో, ఇక్కడితో అయిపోయింది కథ. అసలువాడే చంపేశాడు, నాదేముంది?"

"మీకేమన్నా మతి పోయిందా? బాబాయిగారికి మాటిచ్చారు! ఇంటికొస్తాడని చెప్పారు!"

"రిఫరెన్స్ లేదే. ఆ పేజీలుంటే దిగే బొమ్మ దొరికేది. చిరిగిపోతే నేనేం చెయ్యను?"

"బాబాయిగారొచ్చేదాకా ఆగండి. ఆయన గుమ్మంలోనే నిలబెట్టి గీసుకోండి."

"అంతదాకా ప్రెస్సు ఆగదు."

"అయితే చూడకుండా గీయండి! బొమ్మలేసేవాళ్లు కదా మీరు!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం పాలిపోయింది. నా వైపు చూడకుండా అన్నారు. "చూడకుండా గీస్తే నా బండారం అచ్చులో పడుతుంది. ఇన్ని నెలలూ వీడు గొప్ప ఆర్టిస్టు అనుకున్నవాళ్లంతా ఆఖరి పేజీలో నవ్వుతారు."

అదీ అసలు సంగతి. గడువు కాదు, పేజీలు కాదు. భయం. దానికి తోడు, ఆ నిండు పేజీ బొమ్మ మీద ఆశ. కిరాణా కొట్టు నుంచి ఎడిటర్ గారికి ఫోన్ చేశారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "బావుందయ్యా! పిల్లలు ఏడుస్తారు, పత్రిక గుర్తుంటుంది. అలాగే కానీ" అన్నారట. మా ఆయన ఆ మాట మోసుకుంటూ వచ్చి, గబగబా గీశారు. ఆ బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే, నేను గుడ్లప్పగించి చూశాను. బండల మధ్య బాబాయిగారు పడి ఉన్నారు. పగిలిన గాజు వెనక ఆయన మీసం, ఆయన నుదురు. మొహంలో సగం మీద, చిన్న ఇంటూ గుర్తు.

నేను బ్రష్షు తీసుకోకుండా ఉండొచ్చు. సిరా ఒలకబోసి ఉండొచ్చు. నా వల్ల కాదని పోట్లాడి ఉండొచ్చు. ఏమీ చెయ్యలేదు. పొద్దున్నే పేజీ పట్టుకెళ్లాలి అన్నారు, చచ్చినట్టు కూర్చుని నింపాను. బాబాయిగారి కన్ను నా చేత్తో నలుపు చేశాను. గీత దాటకుండా, శ్రద్ధగా. అదే నన్ను తినేస్తుంది. అంత శ్రద్ధ దేనికి?

పత్రిక వచ్చిన రోజున మా వీధిలో ఒక పిల్ల అన్నం తిననని మారాం చేసిందట. పిన్నిగారు మా గుమ్మం తొక్కలేదు. మర్నాడు బాబాయిగారు రాజమండ్రి నుంచి రైలు దిగి, స్టేషన్ కొట్టులో పత్రికలు ఒక కట్ట కొన్నారు, చుట్టాలకి పంచడానికి. రైలు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు తోసుకుంటుంటే అక్కడే నిలబడి ఆఖరి పేజీ తెరిచారట. పెట్టె చేత్తో పట్టుకునే నేరుగా మా ఇంటికొచ్చారు.

మా ఆయన లేచి నిలబడ్డారు.

బాబాయిగారు కేకలేస్తారనుకున్నాను. వేస్తే బాగుండును. పేజీ బల్ల మీద పరిచి, వేలితో మెల్లగా నిమురుతూ అన్నారు. "బాగా వచ్చిందయ్యా. చెయ్యి బాగా కుదిరింది. ఆ చెయ్యి నాది కాదు కదూ?"

"కాదండీ."

"అదే అనుకున్నా."

"పుస్తకంలో వెనక పేజీలు చిరిగిపోయాయండీ బాబాయిగారూ. దిగే బొమ్మకి... రిఫరెన్స్..."

"చిరిగిపోయాయా? అలాగా" అన్నారు. అంతే. పెట్టె తీసుకుని పక్కింటికి వెళ్లిపోయారు. ఆ కట్ట మా బల్ల మీదే వదిలేశారు.

పిన్నిగారు మాత్రం రెండు రోజుల తర్వాత కుళాయి దగ్గర నన్ను నిలదీశారు. బిందె నిండి పొర్లిపోతోంది, ఆవిడ కుళాయి కట్టడం లేదు.

"సినిమావాళ్లు దండేస్తే సాయంత్రానికి తీసేసేవాళ్లం సుందరీ. మీరు అచ్చులో వేసింది ఎలా తియ్యాలో చెప్పవే. ఎన్ని ఇళ్లకి వెళ్లి తియ్యను?"

నాకు తల కొట్టేసినట్టయింది. బిందె ఎత్తి ఆవిడ చంకన పెడదామని చెయ్యి వేస్తే, ఆవిడ నా చెయ్యి తీసేశారు.

మా ఆయన ఎడిటర్ గారి కాళ్లావేళ్లా పడ్డారు, ఇంకొక్క భాగం వెయ్యనివ్వండి, కెప్టెన్‌ని లేపుతాను అని. "చచ్చినవాణ్ణి లేపడానికి ఇదేమన్నా పౌరాణికమా? కొత్త సీరియల్ మొదలెట్టేశాం పో" అన్నారాయన.

ఆ నెలలోనే ఆదినారాయణ గారు మళ్లీ వచ్చారు. ఈసారి పెద్ద సినిమా, జూబ్లీహిల్స్‌లో పెద్ద బంగళా, హాల్లో పెద్ద పటం కావాలి, ఫొటో కాదు, రంగుల్లో వేసిన బొమ్మ. బాబాయిగారు ఒక్క మాటలో సరేనన్నారు. పటం వేసే పని మా ఆయన ఆఫీసుకే వచ్చింది. మేనేజర్‌కి మా గొడవలేం తెలుసు?

బాబాయిగారే స్వయంగా ఫొటో తెచ్చి ఇచ్చారు. పెదాలు బిగించి, సూటిగా చూస్తున్న పాత గోడ మొహం.

"ఇదిగోనయ్యా నీ రిఫరెన్స్. చూసుకో, ఎక్కడా చిరగలేదు."

నవ్వుతూనే అన్నారు. మా ఆయన ఆ ఫొటో రెండు చేతులా అందుకుని, తల వంచుకుని నిలబడిపోయారు. ఆ రోజు నుంచి ఆ మనిషికి తిండి లేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవారు. పటం పని ముందుకు సాగేది కాదు. ఆదివారం వస్తే మాత్రం తెల్లారేసరికి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఉండేవారు, పాత పుస్తకాల గుట్టల్లో మోచేతుల దాకా దూరి.

"ఇంకా ఏం వెతుకుతున్నారండీ? ఇంకెవర్ని చంపాలి?" అన్నాను ఒకసారి, కడుపు మండి.

"ఆ పుస్తకమే. ఇంకో కాపీ. వెనక పేజీల్లో ఏముందో చూడాలి సుందరీ. ఆ మనిషి నిజంగా పోయాడని తెలిస్తే... అసలువాడు కూడా అదే చేశాడని తెలిస్తే... కాస్త ముద్ద దిగుతుందేమో."

పటం షూటింగ్ ముందు రోజుకి గానీ పూర్తి కాలేదు. మొహం ఆయన వేశారు, వెనకాల నలుపు నన్ను నింపమన్నారు. నింపాను. ఆయిల్ రంగు, ఆరడానికి టైము లేదు. వ్యాన్ వచ్చి అలాగే పట్టుకుపోయింది.

మర్నాడు ఆదివారం. సాయంత్రం నాలుగున్నర వేళ మా ఆయన స్కూటర్ స్టాండ్ కూడా వెయ్యకుండా గోడకి ఆనించి, ఇంట్లోకి పరిగెత్తుకొచ్చారు. చేతిలో పుస్తకం. అదే. ఈ కాపీకి అట్ట కూడా ఉంది. పేజీలు తిప్పి నా ముందు పెట్టారు. మా గోడ మీద ఏడాది పాటు ఉన్న ఆ నిండు పేజీ బొమ్మ. బండలు, పగిలిన గాజు, చాచిన చెయ్యి.

పేజీ తిప్పారు.

ఆ చాచిన చేతిని ఇంకో చెయ్యి పట్టుకుంది. ఎవరో ఇద్దరు కొత్తవాళ్లు అతన్ని లేపి కూర్చోబెడుతున్నారు. తర్వాతి పేజీలో రాకెట్. ఆ తర్వాత నిచ్చెన, వాకిలి, పరిగెత్తుకొస్తున్న పిల్ల. అన్నీ ఉన్నాయి. మా ఆయన వెతుక్కున్న ప్రతి బొమ్మా ఉంది.

"పోలేదే" అన్నారు మా ఆయన, నేల మీద చతికిలబడి. "వాడు పోనే లేదు. స్పృహ తప్పాడు. అంతే. నేనే..."

నేను ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చే పరిస్థితిలో నేనూ లేను. "లేవండి" అన్నాను. "ఈ మాట ఆయనకి చెప్పండి. ఇప్పుడే."

బంగళాకి వెళ్లేసరికి ఐదు దాటింది. గేటు బయట జనరేటర్ మోగుతోంది. హాల్లో లైట్ల వేడి, గోడకి బాబాయిగారి పెద్ద పటం, దాని మీద లావుపాటి బంతిపూల దండ. దాని కిందే, తీగల చుట్టల పక్కన కుర్చీ వేసుకుని బాబాయిగారు కూర్చుని ఉన్నారు, ప్యాకప్ కోసం. పైనా ఆయనే, కిందా ఆయనే. కింద ఉన్నాయన జేబులోంచి తమలపాకు తీసి ఈనెలు తుంచుకుంటున్నారు.

మా ఆయన ఆయన ఒళ్లో పుస్తకం పెట్టి, ఆ నిండు పేజీ బొమ్మ తెరిచి, తర్వాతి పేజీకి తిప్పారు.

బాబాయిగారు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు. వంగి చూశారు.

"లేచాడే!" అన్నారు. మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. "చూశావా సుందరీ? లేచాడు! వీళ్లెవరో వచ్చి లేపారు." ఇంకో పేజీ తిప్పారు. "ఇంటికి కూడా వచ్చేశాడే! ఇదిగో, మనవరాలు కాబోలు."

కాసేపు ఆ పిల్ల బొమ్మనే చూస్తూ ఉండిపోయారు. తర్వాత కళ్లద్దాలు తీసి మా ఆయన వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

"ఇతన్ని లేపడానికి ఇంతమంది ఉన్నారు. నాకు నువ్వొక్కడివే కదయ్యా. నన్నెందుకు లేపలేదు?"

మా ఆయన పెదాలు కదిలాయి. రిఫరెన్స్ అన్న మాట అంటారేమోనని భయపడ్డాను. అనలేదు.

"ప్యాకప్!" అని ఎవరో అరిచారు. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. సెట్ కుర్రాడు అలవాటుగా స్టూలు తెచ్చి పటం కింద వేసి, "రండి కెప్టెన్ గారూ" అన్నాడు.

బాబాయిగారు లేచారు. స్టూలు మీద చెయ్యి వేసి, ఆగిపోయారు.

"ఇవాళ నువ్వు తియ్యి పరబ్రహ్మం" అన్నారు. "నా చేత్తో తీస్తే నిలవట్లేదు, మళ్లీ ఎక్కేస్తోంది."

మా ఆయన స్టూలెక్కారు. దండని రెండు పక్కలా పట్టుకుని పైకెత్తారు. అది వెంటనే రాలేదు. నేను ముందురోజు నింపిన నలుపు ఆరలేదు, పూలు దానికి అతుక్కుపోయాయి. కాస్త గట్టిగా లాగితే వచ్చింది. దండ వచ్చింది గానీ, దాని ఆకారం మొత్తం ఆ నలుపులో అచ్చుపడి ఉండిపోయింది, ఒక్కో పువ్వూ విడివిడిగా. అక్కడక్కడా పసుపు రెక్కలు అంటుకుని ఉన్నాయి. మా ఆయన గోటితో ఒక రెక్క తియ్యబోయారు. రంగు కూడా లేచొచ్చింది.

"ఉండనీ" అన్నారు బాబాయిగారు. "ఇంకా చెడుతుంది."

పటం దింపించుకుని, తడి పక్క తన వైపుకి వచ్చేలా చంకలో పెట్టుకున్నారు. తెల్లచొక్కాకి నలుపు అంటుకుంది. వద్దండీ, మేం తెస్తాం అంటే వినలేదు. మీ పిన్ని గుమ్మంలో చూస్తూ ఉంటుంది అన్నారు.

మేం ఆయన వెనకాలే గేటు దాకా నడిచాం. మా ఆయన ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో దండ. ఆ దండ ఎక్కడ పెట్టాలి సుందరీ అని అడిగారు. నాకూ తెలియదన్నాను.